ఏ లెక్కకి ఏ వస్తువు: చింతపిక్కల నుంచి కొబ్బరి బర్ఫీ దాకా

పిల్లలకి లెక్కలు నేర్పే సామాను చెన్నైలో దొరకనిదంటూ లేదు. ప్యారీస్ కార్నర్ సందుల్లో కిలోల లెక్కన ప్లాస్టిక్ పూసలు, టి. నగర్‌లో చెక్క అబాకస్‌లు, ఆన్‌లైన్‌లో వేలు పోసి కొనే కిట్లు. కొన్న వారానికే అవి మంచం కిందకి చేరుతున్నాయంటే తప్పు సామానుది కాదు. ఏ వస్తువు ఏ లెక్క కోసమో తేల్చుకోకుండా కొంటున్నాం. చింతపిక్క చేసే పని బర్ఫీ చెయ్యలేదు, బర్ఫీ చేసే పని దోసె చెయ్యలేదు. మూడున్నర నుంచి పదేళ్ళ మధ్య పిల్లలున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో, వంటింట్లోనూ బొమ్మల బుట్టలోనూ ఉన్నవాటితోనే ఏ లెక్కకి ఏది పనికొస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు తిండి సంగతి తేల్చేద్దాం. "కరెక్టుగా చెబితే జెమ్స్ ఇస్తా" అంటే లంచం. జెమ్స్‌తో లెక్క చేయించడం వేరే పని. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి మరీ ఇచ్చారు. తర్వాత మామూలు ఆట సమయంలో ఆ పిల్లలే మిగతావాళ్ళ కన్నా తక్కువగా బొమ్మల జోలికి వెళ్ళారు. అందుకని తినేది ఏదైనా లెక్కలో సరుకుగానే ఉండాలి. జవాబు తప్పయినా ఒప్పయినా ఆఖర్న అందరూ తింటారు. ఎప్పుడు తింటారో కూర్చునే ముందే చెప్పెయ్యాలి, లేకపోతే పిల్లల ధ్యాసంతా దాని మీదే. అలాగని మొదటి రోజే తీపి పెట్టుకుని కూర్చోకండి. లెక్కపెట్టడం, పదులు కట్టడం తినని వస్తువులతో కుదిరాకే తినేవాటి దగ్గరికి రావాలి.

జాగ్రత్తలు కూడా ఇప్పుడే. ఐదేళ్ళ లోపు పిల్లలకి గుండు పల్లీలు, వేయించిన బఠాణీలు, గట్టి శనగలు వద్దు, గొంతులో అడ్డం పడతాయి. ఇంట్లో మూడేళ్ళ లోపు బుడతడు తిరుగుతుంటే చింతపిక్కలు కూడా నేల మీద ఉండకూడదు. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మల్నీ, చిన్న అయస్కాంతాలున్నవాటినీ లెక్కల బుట్టలోకి రానివ్వకండి. ఇంకొకటి, గురివింద గింజలు. ఎర్రగా నల్లమచ్చతో ముద్దొస్తున్నాయని కొందరు ఆటలకి తెచ్చి పెడతారు. వాటిలో అబ్రిన్ అనే విషం ఉంటుంది, పిల్లలు నమిలితే ప్రాణం మీదికొస్తుంది. తమిళులు పల్లాంగుళికి (మన వామనగుంటల ఆటకి) వాడే మంజాడి గింజలు వేరు, అవి మచ్చ లేకుండా మొత్తం ఎర్రగా ఉంటాయి. తేడా ఖాయంగా పోల్చుకోలేని ఇంట్లో రెండూ వద్దు.

లెక్కపెట్టడం

దీనికి చింతపిక్కల్ని మించింది లేదు. గింజ తియ్యని చింతపండు కొంటే నెల తిరిగేసరికి 60, 70 పోగవుతాయి. కడిగి రెండు రోజులు బాగా ఎండబెట్టాలి. తడి ఆరకుండా డబ్బాలో పోస్తే ఈ ఊరి ఉక్కకి బూజు పట్టి తీరుతుంది. అన్నీ ఒకే రంగు, దాదాపు ఒకే పరిమాణం, వాటితో ఆడుకోవడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. అదే వాటి గొప్పతనం. లెక్కపెట్టమని చిన్న కార్లు, డైనోసార్లు ఇస్తే పిల్లలు వాటితో ఆడతారు, ఆడక ఏం చేస్తారు! 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, అచ్చం అసలు డబ్బులా కనిపించే బొమ్మ నోట్లూ నాణేలూ పట్టుకుని లెక్కలు చేసిన పిల్లలు ఏ వస్తువూ లేకుండా చేసినవాళ్ళ కన్నా ఎక్కువ తప్పులు చేశారు. సాదా కాగితం డబ్బు ఇచ్చినవాళ్ళకి ఆ ఇబ్బంది రాలేదు.

ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పే నాలుగేళ్ళ పిల్లలు చాలామందే ఉంటారు. అది పాట లాంటిది, లెక్క వచ్చినట్టు కాదు. వచ్చిందో లేదో చూడ్డానికి మూడు పనులు చెప్పి చూడండి. మొదట ఏడు పిక్కలు వరసగా పెట్టి లెక్కపెట్టించండి. నోరు ముందు పరిగెత్తి వేలు వెనకబడితే ఏడు కాస్తా తొమ్మిదవుతాయి. అప్పుడు రెండు పళ్ళేలు పెట్టి, ఒక్కో అంకెకి ఒక్కో పిక్కని ఈ పళ్ళెంలోంచి ఆ పళ్ళెంలోకి వేయించాలి. నోటికి, చేతికి ముడి పడుతుంది. రెండోది, లెక్కపెట్టడం అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. "ఏడు" అంటే సరే. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివర పలికిన అంకే మొత్తమని ఇంకా తెలియలేదని అర్థం. మూడోది అన్నిటికన్నా కష్టం. గుట్ట ముందు పెట్టి "కన్నా, ఐదు ఇవ్వు" అనండి. పిడికెడు తీసి ఇచ్చేస్తే కూడికల పుస్తకం ఇంకా తెరవొద్దు. మూడు దగ్గర మొదలుపెట్టి, అది తడుముకోకుండా ఇస్తున్నప్పుడే నాలుగుకి వెళ్ళండి. అమ్మానాన్నలు తొందరపడి దాటేసేది ఈ మెట్టునే.

ఐదు దాటాక పది గళ్ళ చట్రం కావాలి. 30 గుడ్ల అట్ట ట్రేలో 6 వరసలు, వరసకి 5 గుంటలు ఉంటాయి. రెండేసి వరసలుగా కత్తిరిస్తే 2×5 చట్రాలు మూడు వస్తాయి. వాడిన ట్రే వద్దు, గుడ్ల దుకాణంలో అడిగితే కొత్తది ఇస్తారు. గుడ్లు ఇంటికి రానివాళ్ళు అట్ట మీద గళ్ళు గీసుకుంటే సరి. నింపే నియమం మాత్రం ఒకటే ఉండాలి: పై వరస ఎడమ నుంచి కుడికి, అది నిండాకే కింది వరస. ఎక్కడపడితే అక్కడ వేస్తే చట్రం వల్ల లాభం లేదు. నియమం ప్రకారం వేస్తే ఏడు చూడగానే "ఐదు, రెండు" కనిపిస్తుంది, "పదికి మూడు తక్కువ" అనీ కనిపిస్తుంది. 8+5 చెయ్యాలంటే రెండో చట్రంలోని ఐదులోంచి రెండు తెచ్చి మొదటిది నింపాలి. పది, మూడు, మొత్తం పదమూడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టే అలవాటు ఇక్కడే మెల్లగా వదులుతుంది, వద్దని తిట్టనక్కర్లేదు.

పదుల కట్టలు

చిన్నపిల్లల చదువుకి కొత్త పద్ధతి తెచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారు దివ్యజ్ఞాన సమాజంలో ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చారు. యుద్ధం వచ్చిపడటంతో 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆమె పద్ధతి బడుల్లో కనిపించే బంగారు పూసల సామాను గొప్పగా ఉంటుంది: విడి పూస ఒకటి, తీగకి గుచ్చిన పూసలు పది, పది తీగలు పక్కపక్కన కడితే వంద, పది వందలు పేరిస్తే వెయ్యి. వెయ్యి ఎంత బరువో పిల్లలు చేత్తో ఎత్తి చూస్తారు. దాని ధర మాత్రం ఇళ్ళకి అందదు.

ఇంట్లో 120 ఐస్‌క్రీమ్ పుల్లలు, ఓ డజను తలకి పెట్టుకునే చిన్న గుడ్డ బ్యాండ్లు చాలు. మామూలు రబ్బరు బ్యాండ్లు ఈ వేడికి రెండు నెలల్లో జిగురుగా అయి పుల్లలకి అంటుకుంటాయి. నియమం ఒక్కటే, విడి పుల్లలు పదికి చేరగానే కట్ట కట్టాలి. పది విడివి చేతిలో ఉంచుకోవడం ఆటలో తప్పు. బజార్లో కొనే ఒకట్లు, పదుల దిమ్మెల్లో పదుల కడ్డీ ముందే అతికి వస్తుంది. అందుకే మొదటి ఆరు నెలలు అవి వద్దంటాను. కడ్డీని విప్పలేం, పది విడి దిమ్మెలకి మార్చుకోవాలి. ఆ మార్పిడిని పిల్లలు పెద్దవాళ్ళు చెప్పారు కాబట్టి చేస్తారు తప్ప నమ్మరు. కట్ట విప్పితే అదే పది వాళ్ళ చేతుల్లోనే విడిపోతుంది.

42 లోంచి 17 తీసివేయడం చూడండి. నోటుపుస్తకంలో చాలామంది 35 రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు, నాలుగులోంచి ఒకటి తీసేస్తారు. ఒకట్లూ పదులూ వాళ్ళకి సంబంధం లేని రెండు చిన్న లెక్కలు. అదే పుల్లలతో నాలుగు కట్టలు, రెండు విడివి పెట్టి "నాకు పదిహేడు ఇవ్వు" అనండి. ముందు ఏడు విడివి ఇవ్వబోతారు. రెండే ఉన్నాయి. కాసేపు ఊరుకోండి, మీరు చెప్పొద్దు. కట్ట విప్పాలన్న ఆలోచన వాళ్ళకే రావాలి, చాలామందికి వస్తుంది. విప్పాక మూడు కట్టలు, పన్నెండు విడివి. ఏడు ఇస్తే ఐదు, ఒక కట్ట ఇస్తే రెండు కట్టలు మిగులుతాయి, అంటే ఇరవై ఐదు. ఆ తర్వాతే పుస్తకంలో 4 కొట్టేసి 3 రాయడం. పుల్లల్లో జరిగిన పని అక్కడ రాతలోకి వస్తుంది, అంతే.

మన పిల్లలకి ఇక్కడ ఇంకో చిక్కు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, కింద ఆటస్థలంలో తమిళం. థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా వినబడి 13 బదులు 30 రాసేస్తారు. అలాంటప్పుడు రాత దిద్దకుండా "పుల్లలతో చూపించు" అనండి. చెవి పొరపాటో లెక్క పొరపాటో వెంటనే తేలిపోతుంది.

గుంటల ఆటలు, గళ్ళ ఆటలు

మన వామనగుంటలే ఇక్కడి పల్లాంగుళి. మైలాపూరు మాడవీధుల చుట్టుపక్కల చెక్కవి దొరుకుతాయి. మడిచే ప్లాస్టిక్ పలకల్లో గుంటలు లోతు తక్కువ, పన్నెండు దాటితే గింజలు దొర్లిపోయి గొడవలొస్తాయి. రెండు వరసల్లో ఏడేసి గళ్ళున్న ఐస్ ట్రే దొరికితే అదీ పనికొస్తుంది.

ఆడే పద్ధతి ఊరికొకటి. లెక్కలకి పనికొచ్చే తేలిక పద్ధతి ఇది: 14 గుంటల్లో ఐదేసి చింతపిక్కలు, మొత్తం 70. తన వైపు ఏదో ఒక గుంటలోవన్నీ తీసి, పక్క గుంట నుంచి ఒక్కోటి చొప్పున కుడివైపుగా పంచుకుంటూ పోవాలి. చేయి ఖాళీ అయితే తర్వాతి గుంటలోవి తీసి పంచడం కొనసాగించాలి. తర్వాతి గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి గెలుచుకుని ఆట ఎదుటివాళ్ళకి ఇవ్వాలి. ఐదేళ్ళ వాళ్ళకి గుంటకి మూడు చాలు, ఆట త్వరగా ముగుస్తుంది.

ఆడటానికీ ఆడి నేర్చుకోవడానికీ మధ్య తేడా ఒక్క ప్రశ్నలో ఉంది. పిక్కలు చేతిలోకి తీయకముందే "చేయి ఎక్కడ ఖాళీ అవుతుంది?" అని అడగండి. నాలుగో గుంటలో ఆరు ఉన్నాయనుకోండి. చిన్నపిల్లలు వేలితో ఒక్కో గుంటా తాకుతారు. కొన్నాళ్ళకి "నా వైపు మూడున్నాయి, ఆరులో మూడు పోతే మూడు, అటువైపు మూడో గుంట" అంటారు. ఆరుని విడగొట్టి సరిహద్దు దాటించడమే ఇది, 8+5లో పది దగ్గర విడగొట్టినట్టే. ఇంకా పెద్దవాళ్ళని ఎన్ని పిక్కలుంటే చుట్టూ తిరిగి బయల్దేరిన గుంటలోనే ఆఖరిది పడుతుందో అడగండి. పద్నాలుగు. ఆట ముగిశాక ఇద్దరివీ, గుంటల్లో మిగిలినవీ కలిపి 70 రావాలి. రాకపోతే సోఫా కింద వెతకాలి.

వైకుంఠపాళి అందరి ఇళ్ళలో ఉంటుంది గానీ ఐదేళ్ళ లోపు వాళ్ళకి తిన్నగా లేదు. ఒక వరస కుడికి, పై వరస ఎడమకి పోతుంది, ఎదురుగా పైన ఉన్న గడి పది ఎక్కువ కాదు. మొదట అట్ట ముక్క మీద 1 నుంచి 10 దాకా ఒకే వరస గళ్ళు గీసి, ఒకటి, రెండు అంకెలే ఉన్న పాచికతో ఆడించండి. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి వరస గళ్ళ ఆటే ఆడించారు. అంకెల గళ్ళతో ఆడిన పిల్లలు సంఖ్యల్ని పోల్చడంలో మెరుగయ్యారు, రంగుల గళ్ళతో ఆడినవాళ్ళలో ఆ మార్పు రాలేదు. జరిపేటప్పుడు పలికే తీరు ముఖ్యం. ఐదో గడిలో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అనకూడదు, "ఆరు, ఏడు" అనాలి. అలా పలికించకపోతే ఇది వట్టి కాలక్షేపమే.

అష్టాచమ్మా ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళకి. నాలుగు గవ్వలు వంద సార్లు వేయించి ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టించండి (ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అంత, అన్నీ బోర్లా పడితే ఎనిమిది). రెండు ఎక్కువసార్లు, నాలుగూ ఎనిమిదీ అరుదుగా పడటం చూసి ఎందుకని వాళ్ళే అడుగుతారు. నాలుగు రూపాయి బిళ్ళలు వేస్తే వచ్చే 16 రకాలూ రాసి చూపండి: ఒక బొమ్మ 4 రకాలుగా, రెండు బొమ్మలు 6 రకాలుగా, మూడు 4 రకాలుగా, నాలుగూ బొమ్మలే ఒక్కసారి, ఒక్కటీ లేకుండా ఒక్కసారి. గవ్వ రెండు వైపులా సమానంగా పడదు కాబట్టి వాటి లెక్క దీనితో అచ్చంగా కలవదు. ఆ తేడా మీద మాట్లాడుకోవడానికే ఒక ఆదివారం పడుతుంది.

కొబ్బరి బర్ఫీ: గుణకారం

గుణకారానికి బర్ఫీ పళ్ళెం కన్నా మంచి సాధనం నాకు కనబడలేదు. కోవిల్‌పట్టి కడలై మిఠాయి (పల్లీ చిక్కీ) రుచికి తిరుగులేదు గానీ, చల్లారాక కోస్తే పెళ్ళలుగా విరుగుతుంది, వానాకాలం చేతికి అతుక్కుంటుంది. మైసూర్ పాక్ పొడి రాలుతుంది. కొబ్బరి బర్ఫీ గీత ఎక్కడ గీస్తే అక్కడే తెగుతుంది.

రెండు కప్పుల పచ్చికొబ్బరి తురుము, కప్పున్నర పంచదార, అరకప్పు పాలు మూకుట్లో కలుపుతూ ఉడికించి, అంచులు వదిలి ముద్దగా కదులుతున్నప్పుడు చెంచా నెయ్యి, యాలకుల పొడి వేసి, నెయ్యి రాసిన 16×24 సెంటీమీటర్ల పళ్ళెంలో సర్దాలి. సెంటీమీటరు మందం వస్తుంది. ముందే దించితే గట్టిపడదు, ఆలస్యమైతే పొడిపొడిగా రాలుతుంది. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్ళదే, పిల్లల పని పళ్ళెం గోరువెచ్చగా అయ్యాక.

స్కేలుతో 4 సెంటీమీటర్లకొక టూత్‌పిక్ గుచ్చమనండి. చాలామంది సున్నా గీత వదిలేసి స్కేలు అంచు నుంచి కొలుస్తారు, అందుకే చివరి ముక్క పొట్టిదవుతుంది. దిద్దకండి, ముక్క పొట్టిగా ఎందుకొచ్చిందో వాళ్ళనే వెతకనివ్వండి. గీసే ముందు అడగాల్సిన ప్రశ్న: 16 సెంటీమీటర్ల వైపు నాలుగు వరసలు రావాలంటే ఎన్ని కోతలు? నాలుగంటారు. మూడే. అటువైపు ఆరు వరసలకి ఐదు. ఎనిమిది కోతలకి ఇరవై నాలుగు ముక్కలు. పళ్ళెం అడ్డం తిప్పితే ఆరు నాలుగులు, తిప్పకముందు నాలుగు ఆరులు. ఎక్కాల్లో సగం బట్టీ పట్టనక్కర్లేదని పిల్లలకి తెలిసేది ఇక్కడే. డైమండ్ కోత మాత్రం వద్దు, అంచుల్లో సగం ముక్కలు మిగిలి లెక్క చెడిపోతుంది.

తర్వాత ప్రతి ముక్కనీ రెండు వైపులా సగం చేయించండి, అంటే 2 సెంటీమీటర్ల ముక్కలు. "ఇప్పుడు ఎన్ని?" అంటే 48 అంటారు. లెక్కపెడితే 8×12, అంటే 96. పొడవు సగమైతే ముక్కలు రెండింతలు కావు, నాలుగింతలవుతాయి. వైశాల్యం పాఠం మూడేళ్ళ తర్వాత బడిలో వచ్చినప్పుడు ఇది గుర్తుకొస్తుంది. పైగా తినడానికి కూడా ఈ సైజే నయం, పన్నెండు చిన్న ముక్కలు తిన్నా మూడు పెద్దవాటితో సమానం.

ఈ 8 వరసల పళ్ళెం ఎక్కాలకీ పనికొస్తుంది. ఎనిమిది ఏడులు గుర్తులేదా? ఏడు నిలువు వరసల దాకా జరిపి, ఐదు వరసల దగ్గర కత్తితో చిన్న సందు చేయండి. 8×5 నలభై, 8×2 పదహారు, మొత్తం యాభై ఆరు. రేపు రెండంకెల గుణకారంలో చేసేదీ ఈ విడగొట్టడమే.

పంచడం, కట్టలు కట్టడం

భాగహారంలో రెండు పనులున్నాయి, బడిలో రెండిటికీ ఒకే గుర్తు. 12 బిస్కెట్లు ముగ్గురికి పంచితే తలా ఎన్ని? ఇది పంచడం. 12 బిస్కెట్లని మూడేసి చొప్పున పొట్లాలు కడితే ఎన్ని పొట్లాలు? ఇది కట్టడం. జవాబు రెండిటికీ నాలుగే, చేతులు చేసే పని వేరు. మొదటిదే చేయించి వదిలేస్తే ఆరో తరగతిలో 3ని ½తో భాగించమన్నప్పుడు బిక్కమొహం వేస్తారు, అరమనిషికి ఎవరు పంచుతారు! "మూడు దోసెల్లో అర దోసెలు ఎన్ని?" అంటే ఆరని ఎనిమిదేళ్ళ పిల్ల కూడా చెబుతుంది. అందుకని రెండు రకాల ప్రశ్నలూ మొదటి నుంచీ కలిపి అడగాలి.

శేషానికి ఇక్కడి హోటళ్ళలో దొరికే 14 ఇడ్లీ సాంబారు బాగుంటుంది. బుల్లి ఇడ్లీలు పద్నాలుగు, మనుషులు నలుగురు. తలా మూడు, రెండు మిగులు. ఆ రెండూ ఏం చేద్దామో పిల్లలే తేల్చాలి. సగం చేస్తే తలా మూడున్నర. అవే గోళీలైతే సగం చెయ్యలేం, రెండు మిగిలాయనే రాయాలి. నలుగురేసి పట్టే ఆటోల్లో 14 మంది వెళ్ళాలంటే మూడున్నర ఆటోలు కుదరవు, నాలుగు కావాలి. భాగహారం ఒకటే, జవాబులు మూడు. పరీక్షల్లో పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా ఈ చోటే.

భిన్నాలకి దోసె సగం, పావు దాకా బాగా పనిచేస్తుంది, మడిస్తే సమానంగా వచ్చిందో లేదో తెలిసిపోతుంది. మురుకులు, నిప్పట్లు వద్దు, ఎలా విరిచినా సమానం కావు, "నాలుగు ముక్కలైతే చాలు పావే" అన్న తప్పుడు అభిప్రాయం పాతుకుంటుంది. చిన్న దోసెలో సగం, పెద్ద దోసెలో సగం పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువని అడగడం మరవకండి. సగం అంటే దేనిలో సగం అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. గుండ్రటిదాన్ని మూడు భాగాలు చేయడం పెద్దవాళ్ళకే కష్టం కాబట్టి మూడో వంతుకి 24 సెంటీమీటర్ల కాగితం పట్టీలు తీసుకోండి. సగం 12, మూడో వంతు 8, పావు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3. అన్నీ పూర్ణసంఖ్యలే, స్కేలుతో గీయొచ్చు. "మూడు కన్నా నాలుగు పెద్దది కాబట్టి పావే పెద్దది" అనే పిల్లలకి పట్టీలు పక్కపక్కన పెడితే చాలు.

భిన్నాల కూడికకి మళ్ళీ బర్ఫీ, ఈసారి 3×4గా సర్దిన 12 ముక్కలు. పది ముక్కలు పెట్టుకుంటే మూడో వంతు రాదు, మొదటి నిమిషంలోనే ఇరుక్కుంటారు. ½+⅓ కి పిల్లలు పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడి 2/5 అంటారు. పన్నెండులో సగం ఆరు ముక్కలు ఒక పక్కకి తీయించండి. మూడో వంతు నాలుగు ముక్కలు వాటికి కలపండి. పది ముక్కలు, అంటే పన్నెండింట పది. రెండేసి జతచేస్తే ఆరు జతల్లో ఐదు, 5/6. ఇక వాళ్ళన్న 2/5 సంగతి: పన్నెండుని ఐదు భాగాలు చేసి రెండు తీసుకుంటే ఐదు ముక్కలు కూడా రావు. సగానికి ఇంకొంచెం కలిపాక సగం కన్నా తగ్గడమేంటని పిల్లలే నవ్వుతారు. ఆ నవ్వు వచ్చాకే క.సా.గు. (ఎల్‌సీఎం) చెప్పండి.

సమానం గుర్తు

8 = 5 + 3 అని రాస్తే "తిరగేసి రాశారు" అనే పిల్లలున్నారు. 5 + 3 = □ + 2 ఇస్తే గడిలో 8 రాస్తారు. వాళ్ళ దృష్టిలో ఆ గుర్తుకి "ఇక జవాబు రాయి" అని అర్థం. దీనికి తక్కెడ తప్ప మందు లేదు. 40 సెంటీమీటర్ల పుల్ల, మధ్యలో దారం, రెండు చివర్లా మూడేసి దారాలతో కొబ్బరి చిప్పలు. ఒకే కాయ చిప్పలైనా బరువులు సమానంగా ఉండవు, తేలిక వైపు అడుగున కాస్త బంకమట్టి అంటించి ముందు పుల్లని సమం చేయాలి. బరువులకి ఒకే సైజు ప్లాస్టిక్ దిమ్మెలు వాడండి. రూపాయి బిళ్ళలు వద్దు, వేర్వేరు ఏళ్ళలో వచ్చిన వాటి బరువులు వేరు. ఒకవైపు ఐదు, మూడు. రెండోవైపు రెండు వేసి "సమం చెయ్యి" అనండి. ఆరు వేయగానే పుల్ల నిలబడుతుంది. ఎనిమిది వేస్తే అటు ఒరిగిపోతుంది, మీరు నోరు విప్పనక్కర్లేదు. తర్వాత రెండు చిప్పల్లోంచీ రెండేసి తీయించండి, అప్పుడూ నిలబడే ఉంటుంది. బీజగణితంలో సమీకరణం సాధించే పద్ధతి ఇదే.

ఎప్పుడు తీసెయ్యాలి

వస్తువులతో బాగా చేస్తున్నారని ఏళ్ళ తరబడి వాటితోనే ఉంచకూడదు, పరీక్ష దగ్గరపడిందని ఒక్కసారిగా లాగెయ్యకూడదు. ముందు చేతులతో, తర్వాత బొమ్మగా, ఆ తర్వాత గుర్తులతో అన్న మూడు మెట్ల ఆలోచన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్‌ది. మన ఇళ్ళలో ఎగిరిపోయేది మధ్య మెట్టు. పుల్లల్ని పక్కన పెట్టాక కట్టకి నిలువు గీత, విడి పుల్లకి చుక్క పెట్టించి కొన్నాళ్ళు లెక్కలు చేయించండి. పళ్ళెంలోని బర్ఫీకి బదులు గళ్ళ కాగితం, దోసెకి బదులు గుండ్రంగా గీసిన సున్నా.

తీసెయ్యడానికి సమయం వచ్చిందో లేదో ఒక మూతతో తెలుస్తుంది. పిల్లల ఎదురుగానే తొమ్మిది పిక్కలు లెక్కపెట్టి గిన్నె బోర్లించండి. వాళ్ళు చూస్తుండగా నాలుగు బయటికి తీసి "లోపల ఎన్ని?" అనండి. కళ్ళు పైకెత్తి ఆలోచించి ఐదంటే వస్తువు పని అయిపోయింది. గిన్నె ఎత్తి చూస్తానంటే చూడనివ్వండి, ఇంకొన్నాళ్ళు పిక్కలు ఉంటాయి. ఒక లెక్కకి పిక్కలు మానేసిన పిల్లవాడే కొత్త లెక్క వచ్చినప్పుడు మళ్ళీ డబ్బా అడుగుతాడు. ఇవ్వండి. పదేళ్ళ వాడు భిన్నాల దగ్గర బర్ఫీ అడిగితే మాత్రం, లెక్క కోసమో నాలుక కోసమో కాస్త కనిపెట్టి చూడండి.